మనం వాదిస్తున్నది ఒకే ఆల్బమ్ గురించేనా?

మెటల్ వినేవాళ్లు నలుగురు కలిస్తే మాట ఎటు తిరిగినా చివరికి మెటాలికా 1988లో తెచ్చిన ‘...అండ్ జస్టిస్ ఫర్ ఆల్’ దగ్గరికి వస్తుంది. ఆ బ్యాండ్ చేసినవాటిలో దీన్ని మించింది లేదని ఒకరంటారు. పాటలు గొప్పవే కానీ కింది స్వరాలు వాయించే బేస్ గిటార్ వినపడదు, శబ్దం ఎండుకట్టెలా ఉంటుంది, వరసగా రెండు పాటలు వినలేమని ఇంకొకరంటారు. 2018లో రీమాస్టర్ చేశారు కదా, ఇంకా అదే గోలా అని మూడో మనిషి. నాకు బేస్ బాగానే వినిపిస్తోంది, మీ ఇయర్‌ఫోన్లు మార్చండి అని నాలుగో మనిషి. ముప్పై ఏళ్లు దాటినా ఈ వాదన తెగలేదు.

తెగకపోవడానికి అభిరుచుల తేడా కొంతవరకే కారణం. మొదటి మనిషి పాటల రాత గురించి మాట్లాడుతున్నాడు. రెండో మనిషి మిక్సింగ్ గురించి. మూడో మనిషి మాస్టరింగ్‌ను మిక్సింగ్ అనుకుంటున్నాడు. నాలుగో మనిషి విన్నది బహుశా ఎవరో అభిమాని బేస్ పెంచి పెట్టిన వెర్షన్. నలుగురి నోటా పేరు ఒకటే, చెవిలో పడినవి మాత్రం వేరు. హార్డ్ రాక్, హెవీ మెటల్ ఆల్బమ్‌ల మీద అభిమానుల మాటలు చదివేటప్పుడైనా, మన మాట మనం చెప్పేటప్పుడైనా ముందు విడదీసుకోవాల్సిన ముడి ఇదే.

కలిపిన అన్నంలో ఉప్పు

బ్యాండ్ పాట రాస్తుంది, వాయిస్తుంది. ఒక్కో వాద్యం విడి ట్రాక్‌గా రికార్డవుతుంది. ఆ ట్రాక్‌లన్నిటినీ ఎడమ, కుడి అనే రెండు చానళ్లలోకి దించడం మిక్సింగ్. డ్రమ్స్ ఎంత ముందుండాలి, గిటార్ ఎంత మందంగా ఉండాలి, గొంతు ఎక్కడ నిలబడాలి అన్నీ ఇక్కడే తేలిపోతాయి. మాస్టరింగ్ ఆ తర్వాతి మెట్టు. అప్పటికే రెండు చానళ్లయిపోయిన పాటను తీసుకుని దాని మొత్తం మీద లో, మిడ్, హై (కింది, మధ్య, పై శబ్దాలు) సర్దుతారు, పాటకూ పాటకూ మధ్య స్థాయి సమం చేస్తారు, సీడీకో ఎల్పీ అనే వినైల్ రికార్డుకో తగ్గట్టు సిద్ధం చేస్తారు.

పప్పు, కూర వేర్వేరు గిన్నెల్లో ఉన్నంతసేపు దేనికి ఉప్పు తక్కువైతే దానికి వేసుకోవచ్చు. అన్నంలో కలిపేశాక పప్పు ఒక్కదానికే వేయడం కుదరదు. రీమిక్స్ అంటే తిరిగి గిన్నెల దగ్గరికి వెళ్లడం, రీమాస్టర్ అంటే కలిపిన ముద్ద మీద పని. ఈ ఒక్క తేడా తెలిస్తే సగం వాదనలు మొదలయ్యే ముందే ఆగిపోతాయి. కలిసిపోయిన పాటలోంచి వాద్యాలను విడదీసే సాఫ్ట్‌వేర్లు ఇప్పుడు వచ్చాయి, నిజమే. కానీ రెండు వాద్యాలు ఒకే స్వరాన్ని ఒకే క్షణంలో వాయించిన చోట అవి తడబడతాయి. జస్టిస్‌లో దాదాపు ప్రతి రిఫ్ (మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ వరస) దగ్గరా జరిగింది సరిగ్గా అదే.

జస్టిస్‌లో బేస్ ఎందుకు వినిపించదు

1986 సెప్టెంబరు 27న స్వీడన్‌లో బస్సు బోల్తాపడి బేసిస్ట్ క్లిఫ్ బర్టన్ చనిపోయాడు. ఆ స్థానంలోకి వచ్చిన జేసన్ న్యూస్టెడ్‌కు జస్టిస్ మెటాలికాతో మొదటి పూర్తి ఆల్బమ్. లాస్ ఏంజెలెస్‌లోని వన్ ఆన్ వన్ స్టూడియోలో ఫ్లెమింగ్ రాస్ముసెన్ రికార్డు చేశాడు. మిక్సింగ్ చేసింది అతను కాదు, స్టీవ్ థాంప్సన్, మైకేల్ బార్బియెరో. బేస్ తగ్గించమని డ్రమ్మర్ లార్స్ ఉల్రిక్ చెప్పాడని థాంప్సన్ తర్వాతి ఇంటర్వ్యూల్లో బయటపెట్టాడు. బేస్ ట్రాక్‌లు బాగానే రికార్డయ్యాయని రాస్ముసెన్ కూడా చెప్పాడు. కాబట్టి ‘న్యూస్టెడ్ సరిగా వాయించలేదు’ అన్న మాట నిలవదు.

అయితే ఫేడర్ (శబ్ద స్థాయి సర్దే మీట) కిందికి దించడం ఒక్కటే కథ కాదు. ఇంకో రెండు కారణాలు తోడయ్యాయి. గాయకుడు, గిటారిస్ట్ జేమ్స్ హెట్‌ఫీల్డ్ రిథమ్ గిటార్ శబ్దంలో మిడ్స్ బాగా తోడేసి, లో, హై రెండూ పెంచారు. గిటార్ లావు తీగ ఇ మోగితే 82 హెర్ట్జ్, బేస్ లావు తీగ 41 హెర్ట్జ్. గిటార్ కింది భాగం అంత ఉబ్బితే, బేస్ తీగకు స్పష్టత ఇచ్చే 80 నుంచి 200 హెర్ట్జ్ ప్రాంతాన్ని అది ఆక్రమించేస్తుంది. దానికి తోడు కిక్ డ్రమ్‌ను దిండు మీద గుద్దినట్టు కాక టపటపమని తగిలేలా ట్యూన్ చేశారు. దాంతో అడుగున దన్ను ఇచ్చే శబ్దం ఒక్కటీ మిగల్లేదు. మూడోది న్యూస్టెడ్ వాయింపు తీరు. మిగతావాళ్లు పక్కన లేకుండా అతను పిక్‌తో (తీగ మీటే చిన్న పలకతో) గిటార్ రిఫ్‌నే స్వరం స్వరం అనుసరిస్తూ వాయించాడు. బర్టన్ అయితే గిటార్‌తో విడిపోయి సొంత దారి పట్టేవాడు, అందుకే దీని ముందు ఆల్బమ్ ‘మాస్టర్ ఆఫ్ పపెట్స్’లో బేస్ స్థాయి మరీ ఎక్కువ కాకపోయినా చెవి దాన్ని పట్టుకుంటుంది. రెండు వాద్యాలు ఒకే గీత మీద నడిచినప్పుడు చెవి వాటిని ఒకే వాద్యంగా లెక్కిస్తుంది.

అందుకే ఈక్వలైజర్‌తో దీన్ని బాగుచేయబోయేవాళ్లకు నిరాశే మిగులుతుంది. 40 నుంచి 100 హెర్ట్జ్ వరకు 4, 5 డెసిబెల్‌లు పెంచి చూడండి. బేస్ పైకి రాదు. హెట్‌ఫీల్డ్ అరచేతితో తీగ నొక్కి కొట్టే ప్రతి దెబ్బా ధబ్‌మని ఉబ్బుతుంది, అంతే. 2018 రీమాస్టర్‌లో జరిగింది మూల మిక్స్‌ను శుభ్రంగా, కాస్త గట్టిగా చేయడం. బేస్ పెంచాలంటే రీమిక్స్ కావాలి, బ్యాండ్ దానికి వెళ్లలేదు. ‘రీమాస్టర్‌లో కూడా బేస్ పెట్టలేదు, మోసం’ అన్న ఫిర్యాదు రీమాస్టర్ చేయలేని పనిని దాన్నుంచి ఆశిస్తోంది. తిట్టాలంటే రీమిక్స్ చేయనందుకు తిట్టాలి, ఆ కోపంలో న్యాయముంది.

మరి నాలుగో మనిషి విన్న బేస్ ఎక్కడిది? 2009లో వచ్చిన ‘గిటార్ హీరో: మెటాలికా’ వీడియో గేమ్‌లో ఆటగాళ్లు ఒక్కో వాద్యం విడిగా వాయించాలి కాబట్టి ట్రాక్‌లు విడిగా ఉంటాయి. అందులో ఈ ఆల్బమ్ నుంచి ‘వన్’, ‘ద షార్టెస్ట్ స్ట్రా’, ‘డయర్స్ ఈవ్’ ఉన్నాయి. వాటిని అభిమానులు బయటికి లాగి బేస్ పెంచి కలిపారు. మిగతా పాటలకు కొందరు సొంతంగా బేస్ వాయించి చేర్చారు. ‘అండ్ జస్టిస్ ఫర్ జేసన్’ అన్న పేరుతో తిరిగే వెర్షన్లు ఈ కోవలోవే. వినడానికి ఎంత బాగున్నా అది ఆ ఆల్బమ్ కాదు. దాన్ని విని ఆల్బమ్‌కు మార్కులు వేస్తే లెక్క తప్పుతుంది.

పేరు అదే, వాయించింది వేరేవాళ్లు

దీనికంటే చిక్కు కేసు గాయకుడు ఓజీ ఆస్బోర్న్‌ది. ‘బ్లిజార్డ్ ఆఫ్ ఓజ్’ (1980), ‘డైరీ ఆఫ్ ఎ మ్యాడ్‌మన్’ (1981) రెండింటిలోనూ బేస్ బాబ్ డెయిస్లీ, డ్రమ్స్ లీ కెర్‌స్లేక్. 2002లో ఈ రెండూ మళ్లీ విడుదలైనప్పుడు వాళ్లిద్దరి ట్రాక్‌లు తీసేసి రాబర్ట్ ట్రుహియో బేస్, మైక్ బోర్డిన్ డ్రమ్స్ కొత్తగా రికార్డు చేసి పెట్టారు. రాయల్టీల విషయంలో పాత సభ్యులిద్దరితో అప్పటికే వివాదం ఉంది. 2011లో వచ్చిన ఎడిషన్‌తో అసలు ట్రాక్‌లు తిరిగొచ్చాయి.

అంటే 2002 నుంచి 2011 వరకు ఈ ఆల్బమ్‌లు కొత్తగా కొన్నవాళ్లు ర్యాండీ రోడ్స్ గిటార్‌ను ఇరవై ఏళ్ల తర్వాత వచ్చిన రిథమ్ సెక్షన్ (బేస్, డ్రమ్స్) మీద విన్నారు. ‘డైరీ’ మొదటి పాట ‘ఓవర్ ద మౌంటెన్’ కెర్‌స్లేక్ డ్రమ్స్ దూకుడుతో తెరుచుకుంటుంది. ఆ పాటకు అది గుమ్మం లాంటిది. ‘డ్రమ్స్ ఏదో అతికించినట్టున్నాయి, జనం ఎందుకింత పొగుడుతారో’ అని ఎవరైనా రాస్తే, ముందు వాళ్ల దగ్గరున్నది ఏ ఏడాది డిస్కు అని అడగాలి. ఆ మనిషి చెవి తప్పు చెప్పలేదు, నిజంగానే అవి అతికించిన డ్రమ్సే.

ఇదే ‘డైరీ’ విషయంలో ఇంకో తికమక కూడా ఉంది. 1981 నాటి కవరు మీద వాయించినవాళ్లుగా రూడీ సార్జో, టామీ ఆల్‌డ్రిడ్జ్ పేర్లు వేశారు, ఎందుకంటే విడుదల సమయానికి టూర్‌లో ఉన్నది వాళ్లు. ఆ కవరు చూసి ఆల్‌డ్రిడ్జ్ వాయింపును మెచ్చుకున్నవాళ్లు మెచ్చుకున్నది కెర్‌స్లేక్‌ను.

మెగాడెత్ ‘రస్ట్ ఇన్ పీస్’ (1990) కథ కూడా ఈ దారిలోదే. 2004లో బ్యాండ్ నాయకుడు డేవ్ మస్టేన్ పాత ఆల్బమ్‌లను రీమిక్స్ చేసినప్పుడు కొన్ని గొంతు ట్రాక్‌లు దొరకక ‘టేక్ నో ప్రిజనర్స్’ లాంటి చోట్ల మళ్లీ పాడాడు. 1990 నాటి గొంతులోని చురుకుకు 2004 గొంతుకు తేడా తెలిసిపోతుంది. కవరు మీద ‘రీమిక్స్డ్ అండ్ రీమాస్టర్డ్’ అనే ఉంటుంది కానీ చాలామంది కంటికి ఆనేది రెండో మాట ఒక్కటే. డీప్ పర్పుల్ ‘మెషిన్ హెడ్’ (1972)కి 1997లో బ్యాండ్ బేసిస్ట్ రోజర్ గ్లోవర్ చేసిన రీమిక్స్ ఒకటుంది, 2024లో డ్వీజిల్ జాప్పా చేసినది ఇంకొకటుంది. రెండూ అసలు మిక్స్‌కు పక్కన పెట్టుకుని వినదగ్గవే, దాని స్థానంలో వినదగ్గవి కావు అని నా అభిప్రాయం. స్విట్జర్లాండ్‌లోని మాంట్రోలో ఖాళీ హోటల్ కారిడార్‌లో మొబైల్ స్టూడియో పెట్టి ఇంజనీర్ మార్టిన్ బర్చ్ పట్టిన ఆ గది గాలి అసలు మిక్స్‌లోనే నిండుగా ఉంది.

పాటల వరసే మారిపోయిన సందర్భాలూ ఉన్నాయి. ఐరన్ మెయిడెన్ ‘ద నంబర్ ఆఫ్ ద బీస్ట్’ (1982)లో ఎనిమిది పాటలు. ‘రన్ టు ద హిల్స్’ సింగిల్‌కు వెనకవైపు వేసిన ‘టోటల్ ఎక్లిప్స్’ను 1998 సీడీలో ‘గ్యాంగ్‌ల్యాండ్’ తర్వాత చేర్చారు. నలభై ఏళ్ల సందర్భంగా 2022లో తెచ్చిన ఎల్పీలో ‘గ్యాంగ్‌ల్యాండ్’ తీసేసి ఆ స్థానంలో దీన్నే పెట్టారు. ‘రెండో సైడ్‌లో ఒక పాట బలహీనం’ అన్న పాత విమర్శ ఆ ఎల్పీ కొన్నవాళ్లకు అర్థమే కాదు.

డెత్ మ్యాగ్నెటిక్: కత్తిరించిన తలలు

2008 సెప్టెంబరు 12న వచ్చిన మెటాలికా ‘డెత్ మ్యాగ్నెటిక్’ మెటల్ అభిమానులకు ఒక కొత్త మాట నేర్పింది, డైనమిక్ రేంజ్, అంటే మెల్లని శబ్దానికీ గట్టి శబ్దానికీ మధ్య దూరం. సీడీలో ఏ శబ్దమైనా సున్నా డెసిబెల్ గీత దాటి పైకి వెళ్లలేదు. పాట మొత్తం గట్టిగా వినిపించాలంటే మెల్లని భాగాలను పైకి లేపి, డ్రమ్ దెబ్బల్లాంటి శిఖరాలను ఆ గీత దగ్గర అణచాలి. కొంతవరకు చెవి ఒప్పుకుంటుంది. హద్దు దాటితే శిఖరాలు అణగవు, తెగిపోతాయి. దీన్నే క్లిప్పింగ్ అంటారు.

కంటితో చూడాలంటే ఆ సీడీలోంచి ‘ద డే దట్ నెవర్ కమ్స్’ను కంప్యూటర్‌లోకి తీసుకుని, ఉచితంగా దొరికే ఆడాసిటీలో తెరిచి, రెండో సగంలో వేగం పెరిగిన చోట ఒక స్నేర్ డ్రమ్ దెబ్బ మీద బాగా జూమ్ చేయండి. కొండ కొనలా ఉండాల్సిన చోట గడ్డి కోత యంత్రం నడిచినట్టు బల్లపరుపు గీత కనిపిస్తుంది. వరసగా పదుల శాంపిళ్లు (శబ్దాన్ని క్షణక్షణం కొలిచిన అంకెలు) ఒకే విలువ దగ్గర అతుక్కుపోయి ఉంటాయి. చెవికి అదే చిటపటలా, చిరిగిన కాగితపు గీరలా తగులుతుంది.

నిర్మాత రిక్ రూబిన్, మిక్సింగ్ గ్రెగ్ ఫిడెల్‌మన్, మాస్టరింగ్ టెడ్ జెన్సెన్. అభిమానుల కోపం మొదట జెన్సెన్ మీదకి వెళ్లింది. తన దగ్గరికి వచ్చేసరికే మిక్స్‌లు అణచబడి ఉన్నాయని అతను ఒక అభిమానికి రాసిన జవాబు బయటికొచ్చాక నింద దిశ మారింది. సాక్ష్యం కూడా అభిమానులే పట్టారు. అదే ఆల్బమ్ ‘గిటార్ హీరో 3’లో ఆడుకోవడానికి విడుదలైంది, ఆ ట్రాక్‌లకు ఈ అణచివేత జరగలేదు. రెండింటినీ పక్కపక్కన పెడితే సీడీ దాదాపు 10 డెసిబెల్‌లు ఎక్కువ గట్టిగా ఉంది. మళ్లీ మిక్స్ చేయాలన్న వినతిపత్రం మీద పదివేలకు పైగా సంతకాలు పడ్డాయి. ఆ అభిమానులకు నిజంగా రుణపడి ఉండాలి. ఏదో బాగోలేదనే నసుగుడును వాళ్లు కొలత దాకా తీసుకెళ్లారు.

ఆ కొలత డైనమిక్ రేంజ్‌కు వేసే డీఆర్ అంకె. పాటను 3 సెకన్ల ముక్కలుగా కోసి, వాటిలో అన్నిటికంటే గట్టిగా ఉన్న 20 శాతం ముక్కల సగటు స్థాయికీ, శిఖరానికీ ఎంత దూరమో లెక్క కడతారు. డెత్ మ్యాగ్నెటిక్ సీడీకి ఇది 3 వస్తుంది. 80ల నాటి మెటల్ సీడీలు మామూలుగా 11 నుంచి 14 మధ్య ఉంటాయి.

ఈ అంకెను మార్కుల షీట్‌గా వాడటం ఇప్పుడు ఇంకో జబ్బయింది. డీఆర్ 12 ఉన్నంత మాత్రాన ఆల్బమ్ బాగుందని కాదు. జస్టిస్ అసలు సీడీలో డైనమిక్స్‌కు కొదవ లేదు, అయినా అడుగు ఖాళీ. ఇంకో పొరపాటు ఎల్పీ విషయంలో. ‘ఎల్పీలో డీఆర్ 11 వచ్చింది, సీడీలో 7, కాబట్టి ఎల్పీకి వేరే మాస్టర్’ అంటారు. క్లిప్ అయిన అదే ఫైల్‌ను ఎల్పీ మీద కోసి తిరిగి రికార్డు చేసినా అంకె రెండు మూడు పెరుగుతుంది. ఎందుకంటే కోత యంత్రం, సూది, ఫోనో ప్రీయాంప్ (రికార్డు శబ్దాన్ని పెంచే పరికరం) ఫేజ్‌ను, అంటే తరంగాల సమయ స్థానాన్ని, కొంచెం తిప్పుతాయి. బల్లపరుపుగా ఉన్న తలలు ఏటవాలుగా వంగి వాటి కొసలు పైకి లేస్తాయి. లెక్కకు అవి కొత్త శిఖరాల్లా కనిపిస్తాయి. పోయిన శబ్దం మాత్రం తిరిగి రాదు.

కెనడా బ్యాండ్ రష్ ‘వేపర్ ట్రెయిల్స్’ (2002) కూడా మిక్సింగ్ దశలోనే ఇలా చెడింది. అందుకే రీమాస్టర్‌తో ఆగకుండా 2013లో డేవిడ్ బొట్రిల్ చేత మొత్తం రీమిక్స్ చేయించారు. ఆ రెండూ వింటే, జబ్బు ఎక్కడుందో అక్కడే మందు వేయాలన్నది పూర్తిగా అర్థమవుతుంది. ఐరన్ మెయిడెన్ ఇంకో దారి పట్టింది. 2006లో ‘ఎ మ్యాటర్ ఆఫ్ లైఫ్ అండ్ డెత్’కు మాస్టరింగే వద్దని బేసిస్ట్ స్టీవ్ హారిస్ అనుకున్నాడు, స్టూడియోలో విన్నది విన్నట్టు బయటికి పంపాడు.

స్నేర్ కింద తీగలు

మెటాలికా ‘సెయింట్ యాంగర్’ (2003) గురించి అందరూ ఒకే మాట అంటారు, డ్రమ్స్ రేకు డబ్బాలా ఉన్నాయని. ఇక్కడ మిక్సింగ్‌నో మాస్టరింగ్‌నో అనడానికి లేదు, ఇది రికార్డింగ్‌కు ముందే తీసుకున్న నిర్ణయం. స్నేర్ డ్రమ్ కింది తోలుకు ఆనుకుని చుట్టల తీగలు ఉంటాయి. పక్కనున్న చిన్న లీవర్ పైకెత్తితే తీగలు బిగిసి ‘చఫ్’మనే శబ్దం వస్తుంది. కిందికి దించితే తీగలు తోలును వదిలేస్తాయి, అప్పుడు మిగిలేది డొల్ల గంట లాంటి మోత. ఉల్రిక్ ఆ తీగలు వదిలేసి వాయించాడు, ఆ మోత నచ్చి అలాగే ఉంచాడు. గిటార్ సోలోలు లేవు, గిటార్లు బాగా కిందికి శ్రుతి చేశారు, బేస్ నిర్మాత బాబ్ రాక్ వాయించాడు. కోపంగా, బిగుతుగా ఉండాలన్న ఉద్దేశం అర్థమవుతుంది. కానీ అలాంటి మోత ప్రతి దెబ్బకీ ఒకే శ్రుతిలో మోగుతుంది, పాట శ్రుతితో సంబంధం లేకుండా. 75 నిమిషాల పాటు చెవికి అదే స్వరం తగిలితే విసుగు రాక మానదు. రాసిన రిఫ్‌లలో దమ్ముందని నమ్మిన కొందరు అభిమానులు మొత్తం ఆల్బమ్‌నే మళ్లీ వాయించి రికార్డు చేశారు. అది వింటే పాటల మీద ఒక అభిప్రాయం, ఆల్బమ్ మీద ఇంకో అభిప్రాయం ఉండొచ్చని ఒప్పుకోక తప్పదు.

ఆ 75 నిమిషాల గురించి ఒక మాట. ఎల్పీ ఒక సైడ్‌లో 22 నిమిషాలు దాటితే గాడులు ఇరుకై శబ్దం, ముఖ్యంగా అడుగు శబ్దం, తగ్గించి కోయాలి. అందుకే 80ల మధ్య వరకు ఆల్బమ్‌లు 40 నిమిషాల చుట్టూ తిరిగాయి. స్లేయర్ ‘రెయిన్ ఇన్ బ్లడ్’ (1986) అయితే అర గంట కూడా లేదు. 65 నిమిషాల జస్టిస్‌కు రెండు ఎల్పీలు కావాల్సి వచ్చాయి. సీడీ వచ్చి 74 నిమిషాల చోటు, తర్వాత ఇంకాస్త ఎక్కువ ఇచ్చాక, పక్కన పెట్టాల్సిన పాటలు కూడా లోపలికి వచ్చేశాయి. మెయిడెన్ ‘ది ఎక్స్ ఫ్యాక్టర్’ (1995) మీదా, డెత్ మ్యాగ్నెటిక్ మీదా ‘పది నిమిషాలు తగ్గిస్తే బాగుండేది’ అనే మాట వినిపిస్తుంది. అది పాటల మీద ఫిర్యాదులా కనిపించినా, మూలం డిస్కు కొలతలో ఉంది. ‘ది ఎక్స్ ఫ్యాక్టర్’ విషయంలో ఆ కోపమంతా గాయకుడు బ్లేజ్ బేలీ మీద పడటం అన్యాయం. అతని గొంతు బ్రూస్ డికిన్సన్ గొంతు కంటే కింది స్థాయిది, ఆ ఆల్బమ్ చీకటికి అది సరిగ్గా సరిపోయింది. పై స్థాయికి రాసిన పాత పాటలు వేదిక మీద పాడాల్సి వచ్చినప్పుడే ఇబ్బంది పడ్డాడు.

అభిప్రాయం చెప్పే ముందు

పని చిన్నదే. ముందు దగ్గరున్నది ఏ ఎడిషనో తేల్చుకోండి. వెనక కవరు మీద వృత్తంలో పి అక్షరం పక్కనున్న ఏడాది శబ్దం హక్కుది, సి అక్షరం పక్కనున్నది కవరు, డిజైన్ హక్కుది. పి దగ్గర రెండు ఏళ్లు ఉంటే రీమాస్టరో రీమిక్సో జరిగిందని అనుమానించాలి. వెన్ను మీది కేటలాగ్ నంబర్, సీడీ లోపలి వలయం మీదో ఎల్పీ చివరి ఖాళీ గాడి మీదో గీసిన అక్షరాలు చూసి డిస్కాగ్స్ వెబ్‌సైట్‌లో వెతికితే ఏ ముద్రణో దొరుకుతుంది. స్ట్రీమింగ్‌లో వింటే ఆల్బమ్ పేరు కింద ‘రీమాస్టర్డ్’ అని ఉందో లేదో చూడండి. పాత వెర్షన్ తీసేసి కొత్తది పెట్టడం అక్కడ మామూలే.

తర్వాత పోల్చడం. రెండు ఎడిషన్లను పక్కపక్కన వినేటప్పుడు అందరూ చేసే తప్పు వాల్యూమ్ సరిచేయకపోవడం. ఒక్క డెసిబెల్ ఎక్కువ ఉన్నది మెదడుకు ‘మెరుగ్గా’ వినిపిస్తుంది, ‘గట్టిగా’ అనిపించదు. ఆడాసిటీలో రెండు ఫైళ్లకూ లౌడ్‌నెస్ నార్మలైజేషన్ మైనస్ 23 లఫ్స్ (చెవికి తగిలే గట్టిదనం కొలత) దగ్గర పెట్టండి. పీక్ నార్మలైజ్ వాడకండి, అది శిఖరాలను సమం చేస్తుంది, చెవికి తగిలే సగటు స్థాయి అసమానంగానే ఉంటుంది. ఎంపీ3ల నుంచి మొదలుపెట్టకండి, సీడీ నుంచి శబ్దం ఏమీ పోని ఫ్లాక్ ఫైల్‌గా తీసుకోండి. ఫోన్‌లో బేస్ బూస్ట్, ‘ఎన్‌హాన్సర్’ లాంటివి ఆపేయండి. తేడా నిజమా, భ్రమా తెలియాలంటే ఫూబార్ 2000 అనే ప్లేయర్‌లో ఏబీఎక్స్ పరీక్ష ఉంది, ఏది మోగుతోందో చెప్పకుండా వినిపించి గుర్తుపట్టమంటుంది. 16 సార్లలో 12 సార్లు సరిగ్గా గుర్తుపడితే అది గుడ్డిగా తగిలి ఉండే అవకాశం 4 శాతం లోపే.

రెండు సీడీలది ఒకే మాస్టరా అన్నది తేల్చడానికి ఇంకా గట్టి దారి ఉంది. ఒకే పాటను రెండు ట్రాక్‌లుగా పెట్టి, మొదటి డ్రమ్ దెబ్బను శాంపిల్ వరకు జరిపి కలిపి, ఒకదాన్ని ఇన్వర్ట్ చేసి (తరంగాన్ని తలకిందులు చేసి) రెండూ కలిపి మోగించండి. పూర్తి నిశ్శబ్దం వస్తే మాస్టర్ ఒకటే, కొత్త కవరుకే డబ్బులిచ్చారన్నమాట. డ్రమ్స్‌లోని తాళాల (సింబల్స్) సరసర మాత్రం మిగిలితే ఒక శాంపిల్ అటుఇటుగా ఉన్నట్టు, మళ్లీ జరపండి. పాట పలచగా కానీ మొత్తంగా వినిపిస్తే స్థాయి తేడా ఉంది, దాన్ని ముందు సరిచేయాలి. అప్పటికీ పోకపోతే మాస్టర్ వేరు. పాత టేపు నుంచి మళ్లీ తీసిన ఎడిషన్లలో వేగం వెంట్రుకవాసి తేడా ఉన్నా ఈ పరీక్ష పనిచేయదు, అది గుర్తుంచుకోవాలి.

స్పాటిఫై లాంటివి అన్ని పాటలనూ దాదాపు మైనస్ 14 లఫ్స్‌కు తెచ్చి మోగిస్తాయి. అణచిన ఆల్బమ్ అక్కడ గట్టిదనం కోల్పోతుంది, తెగిన తలలు మాత్రం అలాగే ఉంటాయి. అందుకే సీడీలో ‘దడదడలాడించింది’ అని మెచ్చుకున్న ఆల్బమే అక్కడ వింటే చప్పగా అనిపిస్తుంది.

90లలో హైదరాబాద్‌లోనో విజయవాడలోనో క్యాసెట్ మీద విని పెరిగినవాళ్ల అభిప్రాయాలకు ఇంకో లెక్క ఉంది. డెక్ హెడ్ కోణం కాస్త తప్పినా, డాల్బీ (టేపు బుసను తగ్గించే పద్ధతి) లేకుండా కాపీ చేసిన టేపును డాల్బీ బటన్ నొక్కి విన్నా హైస్ ముందు పోతాయి. జస్టిస్‌లోని పొడి గీర చాలావరకు ఆ హైస్‌లోనే ఉంది. అలాంటి టేపు మీద ఆ ఆల్బమ్ మెత్తగా, నిండుగా వినిపించి ఉంటుంది. ‘మా రోజుల్లో బాగానే ఉండేది, సీడీలో చెడగొట్టారు’ అనే పెద్దవాళ్ల మాటను కొట్టిపారేయకూడదు. వాళ్లు విన్నదాని గురించి వాళ్లు నిజమే చెబుతున్నారు.

ఇక జస్టిస్ మీద తగువు తీర్చుకోవాలనుకుంటే దానికి సరైన చోటు మెటాలికా 1993లో తెచ్చిన బాక్స్ సెట్, ‘లైవ్ షిట్: బింజ్ అండ్ పర్జ్’. అందులో 1989 సియాటిల్ కచేరీ వీడియో ఉంది, మొదలయ్యేది ‘బ్లాకెన్డ్’తో. ఈ ఆల్బమ్‌లో న్యూస్టెడ్‌కు రచనలో పేరు దక్కిన పాట అదొక్కటే. ముందు ఆల్బమ్‌లోని ‘బ్లాకెన్డ్’ ఒకసారి, వాల్యూమ్ సరిచూసుకుని వెంటనే సియాటిల్‌ది ఒకసారి వినండి. మొదటి రిఫ్ మొదలయ్యాక గిటార్లను వదిలేసి, వాటి అడుగున నేలలా పరుచుకున్న పిక్ చప్పుడు మీద చెవి పెట్టండి. అది పట్టుకున్నాక తిరిగి ఆల్బమ్‌కు వెళ్లి, అదే చోట, అదే చప్పుడు కోసం వెతకండి.